గులాబీ వాక్స్‌క్యాప్ ఉన్న పచ్చికను కోసి వేరేచోట పరిస్తే బతుకుతుందా?

పచ్చికబాట: బ్రిటన్‌లో పాత పచ్చిక బయళ్లలో ఇళ్లు కడతామనగానే ఒక సలహా వస్తోంది: గులాబీ వాక్స్‌క్యాప్ పుట్టగొడుగు మొలిచే పచ్చికను పలకలుగా కోసి మరో పొలంలో పరవమని. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్న వర్గంలో ఉన్న జాతి ఇది. పూర్తిగా పోగొట్టుకోవడం కంటే ఇది మేలు కాదా?

వేరుపొర: కాదండీ. వాక్స్‌క్యాప్‌లను ప్రయోగశాలలో పెంచడం చాలా కష్టం. వాటిలోని కార్బన్, నత్రజని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలు) చూస్తే కుళ్లిన గడ్డి మీదే బతికేవిలా లేవు, బతికున్న మొక్కలతో ఏదో బంధం ఉన్నట్టుంది. ఆ బంధం ఏమిటో తేలకుండా పలకతో పాటు ఏమేం తరలించాలో ఎలా నిర్ణయిస్తాం? ఇక భాస్వరం సంగతి. కొత్త పొలంలో ఎప్పుడో వేసిన ఎరువులోని నత్రజని కొన్నేళ్లలో కొట్టుకుపోవచ్చు, భాస్వరం మాత్రం దశాబ్దాలు మట్టిని పట్టుకునే ఉంటుంది. ఈ శిలీంధ్రానికి కావలసింది ఎరువు, దున్నకం ఎరగని నిస్సారమైన నేల.

తడిమన్ను: వేరుపొర గారి మాటే నాదీ. అయినా అనుమతి వచ్చేసి, ఇక దారి లేకపోతే పని సరిగా చేయాలి. ముందు కొత్త నేలలో భాస్వరం, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) పరీక్షించాలి. నేల తడిగా ఉన్నప్పుడు, కింది మట్టితో సహా వీలైనంత పెద్ద, మందమైన పలకలు కోయాలి. చిన్నవైతే అంచులు ఎండిపోతాయి. దొంతర పెట్టకుండా అదే రోజు పరిచి, సందుల్లో పాత చోటి మట్టే కూరాలి.

పచ్చికబాట: కదపకుండా చుట్టూ కంచె వేసి వదిలేస్తే?

వేరుపొర: మేత ఆగిపోతే అదీ దెబ్బే. గడ్డి ఏపుగా పెరిగి, ఈ పుట్టగొడుగులు మొలిచే పొట్టి పచ్చికలోని నాచును కప్పేస్తుంది. గొర్రెలైనా మేయాలి, లేదా కోసి, కోసిన గడ్డిని బయటికి తీసేయాలి. అక్కడే వదిలేస్తే పోషకాలు తిరిగి నేలలోకే చేరతాయి. పక్కన ఇళ్లొస్తే తోటల ఎరువు, కుక్కల మలం కూడా అదే పని చేస్తాయి.

తడిమన్ను: అసలు తప్పు సర్వే దగ్గరే జరుగుతోంది. పూలు చూసే సర్వేలు వేసవిలో జరుగుతాయి. ఇలాంటి బయళ్లలో పూలు తక్కువే ఉండొచ్చు, కాబట్టి పనికిరాని గడ్డి అని రాసేస్తారు. పుట్టగొడుగులు కనిపించేది శరదృతువులో. అదీ ప్రతి ఏడూ కాదు, వాన సరిగా పడకపోతే ఒక్కటీ లేవదు. అందుకే కనీసం రెండు మూడు శరత్తులు, ఒక్కో శరత్తులో పలుమార్లు తిరగాలి. ఆ కాలం దాటితే మట్టిలో డీఎన్ఏ పరీక్ష చేయించాలి. ఇవి లేని నివేదిక మీద అనుమతి ఇవ్వకూడదు.