టాయ్ హాలర్‌లో మోటార్‌సైకిల్‌ను కట్టడం ఎలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాము. టాయ్ హాలర్ (బైకుల వంటివి ఎక్కించే గది వెనుక ఉన్న నివాస ట్రైలర్) వెనుక గదిలో బరువైన బైక్‌ను దూరం తీసుకువెళ్లాలంటే, సైడ్ స్టాండ్ మీద నిలిపి పట్టీలు బిగిస్తే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. నేలకు బోల్టులతో బిగించిన, చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచే వీల్ చాక్‌లోకి ముందు చక్రాన్ని ఎక్కించి, బండిని నిటారుగా నిలిపి, ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల) కింది క్లాంపుకు మెత్తటి లూపులు వేసి, మీటతో బిగించే రాచెట్ పట్టీలను ముందుకూ పక్కలకూ ఏటవాలుగా లాగి కట్టాలి. సస్పెన్షన్ సగం దిగితే చాలు. పూర్తిగా అణిచివేస్తే నూనె కారకుండా ఆపే ఫోర్కు సీళ్లపై అనవసరపు ఒత్తిడి పడుతుంది.

జవాబు 2: పట్టీలకన్నా నేలలోని కొక్కేలనే నేను ముందు అనుమానిస్తాను. అవి వట్టి ప్లైవుడ్‌కు కాక, కింది ఇనుప చట్రానికి బిగించి ఉండాలి.

జవాబు 3: బైక్ ట్రైలర్ ఇరుసుకు వెనుక ఉంటే హిచ్‌పై (ట్రైలర్‌ను లాగే బండికి తగిలించే చోట) భారం తగ్గి ట్రైలర్ ఊగవచ్చు. బంపర్ పుల్ (లాగే బండి వెనుక చివరకు తగిలించే) రకమైతే, ఆ భారం ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండేలా తూకం వేయించుకోండి.