మిర్యాలగూడ పార్లమెంటు సీటు ఎటు పోయింది? పాత ఎన్నికల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

మిర్యాలగూడ మనవడు:

అందరికీ నమస్తే. మొన్న దసరాకు ఇల్లు సర్దుతుంటే మా తాత ట్రంకు పెట్టెలో, పాసుపుస్తకాల కింద, ఒక పాత ఓటరు చీటీ దొరికింది. పై భాగం చిరిగిపోయింది కాబట్టి ఏ ఏడాదిదో, ఏ పార్టీవాళ్లు పంచారో తెలియడం లేదు. మిగిలిన ముక్క మీద తాత పేరు, వరుస నంబరు, కింద "మిర్యాలగూడ పార్లమెంటు" అని ఉంది. వెనకాల తాత పెన్సిల్‌తో ఏదో లెక్క రాసుకున్నాడు: సొంఠి, వాము, బెల్లం, నువ్వుల నూనె, ఆటో కిరాయి.

నేను ఓటేసిన రెండుసార్లూ, 2019లో, 2024లో, నల్లగొండ పార్లమెంటుకే వేశాను. మన ఊరి పేరు మీద ఒక పార్లమెంటు సీటు ఉండేదని ఈ చీటీ చూసేదాకా నాకు తెలియదు, అది చాలా బాధనిపించింది. ఇంట్లో అడిగితే మా బాపు "మనది ఎర్రజెండా సీటు, అందుకే తీసేసిండ్రు" అంటాడు, మా మామేమో "ఎక్కువసార్లు గెలిచింది కాంగ్రెస్సే, నీకేం తెలుసు" అని ఆయన మీదికి లేస్తాడు. ఇద్దరికీ పండగ పూట మాటా మాటా పెరిగింది. అసలు ఎవరెవరు గెలిచారు, ఎందుకు తీసేశారు? 1996లో 480 మంది పోటీ చేశారంటారే, అది ఇక్కడేనా?

సూర్యాపేట మాస్టారు:

తమ్మీ, మీ బాపు చెప్పింది సగం నిజం, మీ మామ చెప్పింది సగం నిజం. నేను రిటైరైన టీచర్ని, పోలింగ్ డ్యూటీలు చాలా చేశాను కాబట్టి ఇవన్నీ నోటికి వచ్చు.

1952లో నల్లగొండ ఇద్దరు సభ్యుల సీటు. జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు, 3,09,162, తెచ్చుకుని రావి నారాయణరెడ్డి గారు గెలిచింది అప్పుడే. ఇద్దరు సభ్యుల పద్ధతి పోయాక 1962లో మిర్యాలగూడలో సీపీఐ నుంచి లక్ష్మీదాస్ గెలిచారు. 1967లో కాంగ్రెస్ జి.ఎస్. రెడ్డి. 1971లో భీమిరెడ్డి నరసింహారెడ్డి, సీపీఎం. 1977, 1980 మళ్లీ జి.ఎస్. రెడ్డి. 1984 భీమిరెడ్డి, 1989 కాంగ్రెస్ నుంచి బద్దం నరసింహారెడ్డి, 1991లో మళ్లీ భీమిరెడ్డి, 1996, 1998 మళ్లీ బద్దం. 1999, 2004 జైపాల్‌రెడ్డి. అంతే, 12 ఎన్నికలు. 8 కాంగ్రెస్‌వి, 4 కమ్యూనిస్టులవి. టీడీపీ ఒక్కసారి కూడా గెలవలేదు.

కాకపోతే లెక్క ఒక్కటే చూస్తే ఈ సీటు అర్థం కాదు. 1971 తీసుకో. ప్రత్యేక తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న ఉద్యమం అయిపోయి రెండేళ్లు కూడా కాలేదు, తెలంగాణ ప్రజాసమితి 10 సీట్లు ఊడ్చేసింది, పక్కనే ఉన్న నల్లగొండలో కూడా ఆ పార్టీ నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి గెలిచారు. అంత గాలిలోనూ మిర్యాలగూడ భీమిరెడ్డి వైపు నిలబడింది. ఎందుకంటే ఆయన ఈ జనానికి ఎన్నికలప్పుడు వచ్చిన నాయకుడు కాదు. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెం ఆయన ఊరు, సాయుధ పోరాటంలో తుపాకి పట్టి దళం నడిపిన మనిషి, మల్లు స్వరాజ్యం గారికి అన్న. వెట్టి చేసిన తాతలు, దున్నిన భూమి దక్కించుకున్న తండ్రులు ఉన్న ఊళ్లు ఇవి. శ్రీరాంసాగర్ నీళ్లు సూర్యాపేట దాకా రావాలని ఆయన పట్టుబట్టి తిరగడం నా కళ్లారా చూశాను. ఆయన 2008లో చనిపోయారు, అదే ఏడాది ఈ సీటు కూడా రద్దయింది. నాకు ఆ రెండూ విడివిడిగా గుర్తుకు రావు.

మర్రిగూడ నుంచి:

480 మంది పోటీ చేసింది మిర్యాలగూడలో కాదు అన్నా, నల్లగొండలో. చాలామంది రెండూ కలిపేస్తారు. ఆ 480లో ఎక్కువమంది మా మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధితుల తరఫున జలసాధన సమితి పిలుపుతో నామినేషన్ వేసినవాళ్లు. మా ఊళ్లో బోరు నీళ్లు తాగి ముప్పయ్యేళ్లకే నడుం వంగిపోయినవాళ్లు ఉన్నారు, పిల్లలకు కాళ్లు వంకర్లు పోయాయి. కృష్ణ నీళ్లు ఇవ్వండని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినకపోతే, బ్యాలెట్ పేపరే మా అర్జీ అనుకున్నారు. అంతమంది పేర్లతో బ్యాలెట్ పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చి పోలింగే వాయిదా పడింది. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు, 477 మందికి డిపాజిట్లు పోయాయి. అప్పటి డిపాజిట్ 500 రూపాయలు. ఆ తర్వాతే దాన్ని 10,000 చేశారు, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదించాలని పెట్టారు. మా వాళ్లు నీళ్లు అడిగితే దేశం మొత్తానికి నిబంధన మారింది, ఈ సంగతి బడి పుస్తకాల్లో ఉండాలి.

పాలమూరు తమ్ముడు:

జైపాల్‌రెడ్డి గారి గురించి ఒక మాట. ఆయన మా పాలమూరు మనిషి, మాడ్గుల. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే. 1984లో జనతా పార్టీ నుంచి, 1998లో జనతాదళ్ నుంచి మహబూబ్‌నగర్ ఎంపీగా గెలిచి, తర్వాత కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చి 1999లో మిర్యాలగూడ వెళ్లారు. చిన్నప్పుడే పోలియో, ఊతకర్రలతోనే నడిచేవారు. 2004లో కేంద్రంలో సమాచార ప్రసార మంత్రి అయినప్పుడు ఆయన మిర్యాలగూడ ఎంపీయే, ఆ తర్వాత పట్టణాభివృద్ధి కూడా చూశారు. మీ సీటు పోయాక 2009లో కొత్తగా పుట్టిన చేవెళ్ల నుంచి గెలిచారు. మిర్యాలగూడ చివరి ఎంపీ, చేవెళ్ల మొదటి ఎంపీ ఒక్కరే అన్నమాట.

సూర్యాపేట మాస్టారు:

అవును, మంచి మాట గుర్తుచేశావు. ఎందుకు తీసేశారో అక్కడే ఉంది. ఎర్రజెండా మీద కోపంతో అని మా పార్టీ మిత్రులు కూడా అంటుంటారు, నేను ఒప్పుకోను. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కలు పట్టుకుని హద్దులు గీసింది. ఉమ్మడి రాష్ట్రానికి మొత్తం 42 సీట్లే, అవి పెరగవు. హైదరాబాద్ చుట్టూ జనం విపరీతంగా పెరిగారు, మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాయి. మిర్యాలగూడతో పాటు హనుమకొండ, సిద్దిపేట, భద్రాచలం పోయాయి. మన జిల్లాలో మిర్యాలగూడ స్థానంలో భువనగిరి వచ్చింది, అందులో ఇబ్రహీంపట్నం, జనగామ కూడా కలిపారు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట, హుజూర్‌నగర్ అన్నీ నల్లగొండలోకి వెళ్లాయి. చలకుర్తి అసెంబ్లీ పేరు పోయి నాగార్జునసాగర్ అయింది, రామన్నపేట పూర్తిగా పోయింది.

దెబ్బ తగిలిన మాట మాత్రం నిజం. 2009లో నల్లగొండలో సీపీఐ నుంచి సురవరం సుధాకర్‌రెడ్డి, భువనగిరిలో సీపీఎం నుంచి నోముల నర్సింహయ్య నిలబడి ఇద్దరూ ఓడిపోయారు. అదే ఏడాది మిర్యాలగూడ అసెంబ్లీలో జూలకంటి రంగారెడ్డి సీపీఎం నుంచి గెలిచారు, అంటే ఓట్లు ఎక్కడికీ పోలేదు, కొత్త హద్దుల్లో చెల్లాచెదురయ్యాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా మన జిల్లా నుంచి కమ్యూనిస్టు ఎంపీ లేడు. మళ్లీ హద్దులు మార్చే మాట వినిపిస్తోంది కాబట్టి ఈసారైనా మన వాళ్లు ముందే కళ్లు తెరిచి చూడాలి.

చీటీ ఏ ఏడాదిదో తెలియాలంటే ఒకటి చూడు. దాని మీద అసెంబ్లీ పేరు కూడా ఉందా? 1989, 1999, 2004లో రెండు ఓట్లూ ఒకేసారి పడ్డాయి. 1991, 1996, 1998లో ఒక్క పార్లమెంటుకే.

నకిరేకల్ అక్క:

మీరంతా ముందు వైపే చూస్తున్నారు. సొంఠి, వాము, బెల్లం, నువ్వుల నూనె అంటే బాలింత సామాను కదా తమ్ముడూ. ఆటో కిరాయి ఆసుపత్రికి అయి ఉంటుంది. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఎవరు పుట్టారో అడుగు.

మిర్యాలగూడ మనవడు:

అక్కా, నీకు దండం. చీటీ మీద అసెంబ్లీ పేరు లేదు. మా అక్క పుట్టింది 1996 జూన్‌లో, దానికి కొంచెం ముందే ఓట్లు పడ్డాయి కదా. నానమ్మకు చదివి వినిపిస్తే చీటీ చేతిలోకి తీసుకుని ఆ పెన్సిల్ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తాత ఆ ఏడు ఎర్రజెండాకు ఊరంతా తిరిగాడట, ఓడిపోయారని తెలిసిన రోజు అన్నం తినకుండా పడుకున్నాడట, తర్వాత కొన్నాళ్లకే మనవరాలు పుట్టిందని కబురొస్తే జేబులో ఉన్న ఆ చీటీ మీదే సామాను రాసుకుని బజారుకు పరుగెత్తాడట. బాపు, మామ ఇద్దరూ పక్కనే కూర్చుని విన్నారు. చీటీ ఇప్పుడు అక్క దగ్గర ఉంది.