పిల్లల ఆటలకి విడిగా ఒక గది ఇస్తే నిజంగా అందులో ఆడతారా?

ప్రశ్న: ఇద్దరి అమ్మ

నమస్కారం అండీ. మా బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. ఇంట్లో నడవా చివర ఒక చిన్న గది ఉంది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. ఇన్నాళ్లూ పాత సూట్‌కేసులు, ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు, కాలు విరిగిన కుర్చీ అందులో పెడుతూ వచ్చాం. దాన్ని ఖాళీ చేసి పిల్లల ఆటగదిగా మార్చాలని నా కోరిక. మావారు ఇంటినుంచే పని చేస్తారు, ఆ గది ఆఫీసుకి ఇమ్మంటున్నారు. ప్రస్తుతం మంచం అంచున కూర్చుని పని చేసుకుంటున్నారు, నడుము నొప్పి కూడా మొదలైంది. ఆయన అడగడంలో తప్పేం లేదు.

నా బాధంతా హాలు గురించి. పోయిన నెల మా అత్తగారు రాత్రి మంచినీళ్లకి లేచి, చీకట్లో బొమ్మ కారు మీద కాలేసి జారారు. సోఫా చెయ్యి దొరకబట్టి కింద పడలేదు గానీ మణికట్టు బెణికింది. అప్పటినుంచి పడుకునే ముందు ఫోన్ లైటు వేసి హాలంతా వెతకనిదే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకోటి, బాబు బ్లాకులతో వంతెనలు కడతాడు. గంటసేపు కష్టపడి కట్టింది భోజనాల వేళకి తీసేయమంటే వాడికి ఏడుపొస్తుంది. తియ్యకపోతే పాప వచ్చి ఒక్క తన్నుతో కూల్చేస్తుంది. ఇద్దరి ఏడుపుల మధ్య నాకు సాయంత్రాలంటేనే టెన్షన్.

ఆ గది ఇస్తే ఈ గొడవ తగ్గుతుందా? అంత చిన్నపిల్లని అక్కడ ఆడుకోనివ్వచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు: మేడమీది నాన్న

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లే గుర్తొచ్చింది. మాది మేడమీది గది. నేనే రెండు ఆదివారాలు కూర్చుని రంగులు వేశాను, పిల్లల ఎత్తుకి అరలు కొట్టించాను, కిందున్న బొమ్మలన్నీ మోసుకెళ్లి సర్దాను. పిల్లలు నాలుగు రోజులు సంబరంగా ఆడారు. ఐదో రోజునుంచి ఒక్కో బొమ్మా మెట్లు దిగడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి అన్నీ వంటగది గుమ్మం ముందే ఉన్నాయి. పైన మిగిలింది ఖాళీ అరలు.

వాళ్ల మీద కోప్పడ్డాను కూడా. అది నా తప్పని తర్వాత తెలిసింది. ఒకరోజు లాప్‌టాప్ పట్టుకుని నేనే వెళ్లి ఆ గదిలో ఓ మూల కూర్చున్నాను. పిల్లలు నలభై నిమిషాలపాటు నా వైపు చూడనుకూడా చూడకుండా ఆడుకున్నారు. ఫోన్ వస్తే కిందికి దిగాను. ఐదు నిమిషాల్లో ఇద్దరూ నా వెనకాలే వచ్చేశారు. వాళ్లకి కావలసింది నాతో ఆడటం కాదు, నేను అక్కడ ఉండటం. తల్లీబిడ్డల అనుబంధం మీద పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ కూడా ఇదే రాశారు. దగ్గరివాళ్లు అందుబాటులో ఉన్నారన్న ధైర్యంతోనే పసిపిల్లలు దూరంగా వెళ్లి కొత్త వస్తువులు వెతుక్కుంటారు, మధ్యమధ్యలో వచ్చి చూసుకుని మళ్లీ వెళతారు. నడవా చివరి గదినుంచి మీ పాప ఎన్నిసార్లు అలా వచ్చి పోగలదో ఆలోచించండి.

అందుకని నా సలహా, ఆ గది మీవారికే ఇచ్చేయండి. తలుపు వేసుకుని ఫోన్లు మాట్లాడుకోవాల్సింది ఆయన. పిల్లలకి తలుపు వేసుకోవాల్సిన పనే లేదు. సాయంత్రం ఐదునుంచి ఎనిమిదిదాకా మీరు ఎక్కడ ఎక్కువసేపు ఉంటారో అక్కడ నిలబడి చూడండి. తల తిప్పితే కనబడే చోటే పిల్లలది కావాలి. వంటగది అయితే, హాల్లో దాని ఎదురుగా ఉన్న మూల ఇచ్చేయండి. అడుగున్నర, రెండడుగుల ఎత్తున్న వెనక మూసిన షెల్ఫ్ ఒకటి అడ్డంగా పెడితే అదే గోడ అవుతుంది. బొమ్మలు దానికి ఇవతలికి రాకూడదని ఒక్కటే నియమం. మా ఇంట్లో అది కుదురుకోవడానికి మూడు వారాలు పట్టింది. రోజూ పడుకోబోయే ముందు నేనూ వాళ్లతో కూర్చుని సర్దాను. వాళ్లనొక్కళ్లనే సర్దమని వదిలేసిన రోజు ఎప్పుడూ కుదరలేదు.

వంతెన సంగతి. చాలామంది చిన్నపిల్లకి కంచె కడతారు. మేం పెద్దవాడికి కట్టాం. చిన్నది పాకే రోజుల్లో కొన్న మడతల కంచె ఉంటే తీసి, మధ్యలో బాబుని, వాడి బ్లాకుల్నీ కూర్చోబెట్టండి. బయటంతా పాపదే. వాడికి అది శిక్ష అనిపించదు, సొంత వర్క్‌షాపు దొరికినట్టు ఉంటుంది. పాపకి తనవి కొన్ని పెద్ద బ్లాకులు కంచె పక్కనే ఇవ్వండి. రెండు, మూడేళ్ల పిల్లలు తోటివాళ్లతో కలిసి కాకుండా వాళ్ల పక్కన కూర్చుని తమ ఆట తాము ఆడుకోవడమే ఎక్కువని పిల్లల ఆటల్ని గమనించిన పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే ప్రచురించారు. పాపకి అన్న వంతెన మీద పగేమీ లేదు. అన్న పక్కన చోటు కావాలంతే.

జవాబు: పిల్లల వార్డు నర్సు

పైనాయన చెప్పింది బాగుంది. నేను రక్షణ గురించి మాట్లాడతాను, పదకొండేళ్లు పిల్లల వార్డులో పనిచేశాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

షెల్ఫ్ ఎంత పొట్టిదైనా సరే, గోడ ఆనుకుని ఉండేట్టు పెట్టి ఎల్ ఆకారపు బ్రాకెట్లతో గోడకి బిగించండి. పిల్లలకి కింది అర మెట్టులాంటిది. ఎక్కి పై అరకి చెయ్యి చాపితే బరువంతా ముందుకి వస్తుంది, షెల్ఫ్ వాళ్ల మీదే పడుతుంది. హాలు మధ్యలో అడ్డంగా పెట్టాలంటే కనీసం ఒక పక్క గోడకి తగిలేలా పెట్టి ఆ పక్క బిగించండి, బరువైన బొమ్మలు అట్టడుగు అరలో ఉంచండి. టీవీకీ ఇదే మాట.

మీ ఇంట్లో అసలు సమస్య వయసుల తేడా. ఆరేళ్లవాడి బొమ్మలు రెండున్నరేళ్ల పాప నోట్లోకి పోతాయి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడేదే అని లెక్క. ఇంట్లో టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం దానికన్నా కొంచెం వెడల్పు, అందుకే ఇంకా మంచిది. అందులోంచి జారిపోయే ప్రతి ముక్కా బాబు కంచె లోపలికో, మూత బిగిసిన డబ్బాలోకో వెళ్లాలి. పగిలిన బెలూన్ ముక్క అయితే వెంటనే చెత్తబుట్టలోకి. అది గొంతులో పొరలా అతుక్కుంటుంది.

బటన్ బ్యాటరీ గురించి మాత్రం కాస్త ఆగి చదవండి. పాటలు పాడే బొమ్మల్లో, చిన్న రిమోట్లలో, మెరిసే బంతుల్లో ఉంటాయి. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయేలా చేయగలవు. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల అన్నిటికన్నా ప్రమాదం. పిల్ల మామూలుగానే ఆడుకుంటూ కనిపించవచ్చు. మింగిందన్న అనుమానం ఉన్నా సరే, వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. బ్యాటరీ అర స్క్రూతో బిగించని బొమ్మ మీ ఇంట్లో ఉంటే ఇవాళే తీసేయండి. గట్టి చిన్న అయస్కాంతపు గుళ్లు కూడా అంతే. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో ఇరికించి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

బొమ్మల పెట్టెకి బరువైన మూత వద్దు. కిటికీ తెరల తాళ్లు పిల్లలకి అందకుండా పైకి కట్టేయండి, కిటికీ కింద ఎక్కడానికి వీలుగా ఏదీ ఉంచకండి. ఇవన్నీ ఒక్క పూట పని.

జవాబు: ఒక్క గది ఇల్లు

మాకు ఖాళీ గదీ లేదు, హాలూ లేదు. ఉన్నది ఒక్క గది. అందుకని ఒక పాత దుప్పటి పరిచి బొమ్మలు దాని మీదే పోస్తాం. ఆట అయ్యాక నాలుగు మూలలూ కలిపి మూట కట్టి మేకుకి తగిలిస్తాం. సర్దడం రెండు నిమిషాల పని, మా నాలుగేళ్లది తనే కట్టేస్తుంది.

బొమ్మలు తగ్గించండి అనే మాట మీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయంవాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లలోపు పిల్లలు 36 మందికి ఒకసారి 4 బొమ్మలు, ఒకసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. సరిగ్గా మీ పాప వయసువాళ్లే. మిగతావి అటక మీద పెట్టి పది రోజులకోసారి మార్చండి. తిరిగొచ్చిన బొమ్మని చూసి మా పాప దాన్ని పేరు పెట్టి పలకరిస్తుంది.

ఇద్దరి అమ్మ (ఆరు వారాల తర్వాత)

అందరికీ చెప్పుకోవాలి కాబట్టి వచ్చాను. గది మావారికి ఇచ్చేశాం. ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ గది కిటికీకి నీలం తెర కూడా మనసులో కట్టేసుకున్నాను మరి. ఆయన బల్ల, కుర్చీ అందులోకి వెళ్లాక నడుము నొప్పి తగ్గింది, అంతకన్నా ముఖ్యంగా ఫోన్లో ఉన్నప్పుడు పిల్లల్ని ష్ష్ అనడం మానేశారు.

వంటగది ఎదురుగా భోజనాల బల్ల ఉండేది. దాన్ని గోడవైపుకి జరిపితే ఏడడుగులకి ఆరడుగుల చోటు వచ్చింది. షెల్ఫ్ బిగించాం. అట్ట గొట్టం పట్టుకుని నేనూ బాబూ కూర్చుని రెండు వందల పైచిలుకు ముక్కలు పరీక్షించాం, వాడికి అదే పెద్ద ఆటైపోయింది. మూడు బొమ్మల్లో బ్యాటరీ అరకి స్క్రూ లేదు. చూసేసరికి నా చేతులు చల్లబడ్డాయి. నర్సుగారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కంచె ఉపాయం పనిచేసింది గానీ, భోజనాల వేళకి కంచె తియ్యాల్సిందే, లేకపోతే కుర్చీలు పట్టవు. వంతెన మళ్లీ సమస్యైంది. అప్పుడు మావారు మూడడుగులకి రెండడుగుల ప్లైవుడ్ పలక తెచ్చి అంచులు గరుకు కాగితంతో రుద్దారు. బాబు దాని మీదే కడతాడు. భోజనం టైముకి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఆఫీసు గదిలో అల్మరా మీద పెడతాం. ఇప్పుడు అక్కడ ఆరు స్తంభాల వంతెన ఉంది, నాలుగు రోజులుగా కడుతున్నాడు.

అత్తగారు ఆ మూల పక్కనే కుర్చీ వేయించుకున్నారు. ఆవిడ అక్కడ ఉన్నంతసేపూ పాప కదలదు. ఒక్క సందేహం మిగిలింది. ఇంకో ఏడాదికి పాప కూడా చిన్న బ్లాకులు అడుగుతుంది కదా, అప్పుడు కంచె ఏం చెయ్యాలి?

మేడమీది నాన్న

అప్పటికి కంచె వద్దు, రెండో పలక తెప్పించండి. మా చిన్నదానికి నాలుగో ఏడు వచ్చాక తన పలక తనకి ఇచ్చాం. మొదటి వారం అన్న పలక మీదవి లాక్కుంది, తర్వాత తన దానికి కాపలా కాయడం నేర్చుకుంది. అల్మరా మీద ఇంకో పలకకి చోటుందో లేదో మీవారిని ఇప్పుడే కొలిచి ఉంచమనండి.