ఆర్గాన్ పెట్టినా అమోనియా కనిపిస్తోంది, ఆ రీడింగ్ తీసేసి గ్రాఫ్ వేయొచ్చా?

అనంతపురం స్కాలర్:
గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్‌ని అమోనియాగా మార్చే ఎలక్ట్రోక్యాటలిస్ట్ (కరెంటుతో చర్యను నడిపే ఉత్ప్రేరకం) మీద నా పీహెచ్‌డీ. మా శనక్కాయ వేరుబుడిపెల్లోని బ్యాక్టీరియా ఎంజైములో మాలిబ్డినం ఉంటుంది కదా, ఆ ధైర్యంతో మాలిబ్డినం సల్ఫైడ్ ఎంచుకున్నా. నాఫియాన్ మెంబ్రేన్ (అయాన్లను దాటనిచ్చే పలుచని పొర) అడ్డుగా పెట్టిన రెండు గదుల హెచ్-సెల్‌లో నైట్రోజన్ పంపితే, అమోనియాను పట్టించే ఇండోఫినాల్ టెస్టులో నీలం రంగు వస్తోంది. పోల్చి చూడటానికి నైట్రోజన్ బదులు ఆర్గాన్ పంపినా వస్తోంది, కాకపోతే కాస్త లేతగా. ఆర్గాన్ రీడింగ్ తీసేసి మిగిలింది చూపించమంటున్నారు సార్. సెమినార్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

కర్నూలు కెమిస్ట్రీ:
తీసేస్తే సరిపోదు తమ్ముడూ. నైట్రోజన్ సిలిండర్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లు లేశమాత్రం ఉన్నా, నైట్రోజన్ కంటే అవే సులువుగా అమోనియా అవుతాయి. ఆర్గాన్ సిలిండర్‌లో అవి ఉండకపోవచ్చు. అప్పుడు మిగిలిన తేడా నీ క్యాటలిస్ట్‌ది కాదు, సిలిండర్‌ది. సెల్‌లోకి పంపే ముందు గ్యాస్‌ని క్షార పర్మాంగనేట్, పలుచని ఆమ్లం గుండా పంపు. నాఫియాన్ కూడా అమ్మోనియం అయాన్లను పట్టి ఉంచుకుని తర్వాత వదులుతుంది.
అది సరే, క్యాటలిస్ట్ దేంతో చేశావు?

అనంతపురం స్కాలర్:
అమ్మోనియం మాలిబ్డేట్, థయోయూరియా. మూత బిగించి వేడిచేసే ఆటోక్లేవ్‌లో రాత్రంతా.

కర్నూలు కెమిస్ట్రీ:
ఇంకేం, దొంగ ఇంట్లోనే ఉన్నాడు! రెండింట్లోనూ నైట్రోజన్ ఉంది. ఎంత కడిగినా పొరల మధ్య కొంత మిగులుతుంది. సోడియం మాలిబ్డేట్, సోడియం సల్ఫైడ్‌తో చేసి చూడు. థయోఎసిటమైడ్ జోలికి పోవద్దు, అందులోనూ నైట్రోజనే.

కడప అక్క:
వీటితో పాటు, కరెంటు ఇవ్వకుండా కూడా అంతసేపూ నైట్రోజన్ పంపి చూడు. చివరికి నమ్మకం కుదిర్చేది మాత్రం నైట్రోజన్-15 (బరువైన నైట్రోజన్ ఐసోటోప్) ప్రయోగమే, అమోనియా మనం పంపిన గ్యాస్ నుంచే వచ్చిందో లేదో అందులో తెలుస్తుంది. ఎన్‌ఎంఆర్ అనే అయస్కాంత పరీక్షలో మామూలు అమ్మోనియం మూడు గీతలుగా, నైట్రోజన్-15 అమ్మోనియం రెండు గీతలుగా కనిపిస్తాయి. ఆ గ్యాస్ ఖరీదు ఎక్కువ, పైగా దాన్నీ శుభ్రం చేయాలి. 2019లో నేచర్ పత్రికలో ఈ పరీక్షల మీద వచ్చిన ప్రోటోకాల్ చదువు. ఆ కొలతకు నిలబడింది లిథియం-టీహెచ్‌ఎఫ్ పద్ధతి, అంటే నీళ్లకు బదులు టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో లిథియంతో చేసేది. నీళ్లలో చేశామన్న పాత పేపర్లను నేనైతే అనుమానంగానే చదువుతా.

అనంతపురం స్కాలర్:
సరే అక్కా. సోడియం మాలిబ్డేట్ స్టోర్‌లో ఉంది, రేపే ఆటోక్లేవ్ పెడతా. నైట్రోజన్-15 కొనాలని సార్‌తో ఎలా చెప్పాలో మాత్రం అర్థం కావట్లేదు.

కడప అక్క:
ముందు ఆర్గాన్ గ్రాఫ్ చూపించు. అడగాల్సిన పని ఉండదు.