జానపద పాటకు ఏఐ వీడియో టూల్స్‌ల ఏది పనికొస్తది? వాడినోళ్లు జర చెప్పుండ్రి

ఓరుగల్లు_కట్స్:
అన్నలూ అక్కలూ, మాది హన్మకొండ, జానపద పాటలు తీస్తం, చిన్న టీం. ఇప్పుడు బతుకమ్మకు పుట్టింటికొచ్చే ఆడబిడ్డ మీద ఒక పాట చేతిల ఉన్నది. చాన మటుకు ఊర్లెనే షూట్ చేస్తం గానీ కొన్ని షాట్లు మా బడ్జెట్‌ల అయ్యేటియి కావు, రాత్రి చెరువు మీదికెళ్లి డ్రోన్, కట్ట నిండ ఆడోళ్లు, వానల కోట కాడి తోరణం, గిసొంటియి. పాటకు పైసలు పెట్టేటాయన ఏమో ఏఐల ఐదు నిమిషాల్ల అయితదట కద అంటుండు. రివ్యూలు చూస్తే అందరు అదే పులి, అదే వ్యోమగామి, మనకు దాంతోని పనేంది. వీయో, క్లింగ్, రన్‌వే, సోరా వీటిల్ల మనసొంటి పనికి ఏది నయం? కార్డు గీకే ముందు అడుగుతున్న.

కాజీపేట_ఎడిటర్:
తమ్మీ, ఒక్కటి కొంటే అన్ని పనులైతయి అనుకోకు, అట్లాంటిది ఇంకా రాలే. 2024 ఫిబ్రవరిల సోరా డెమో చూపిచ్చినప్పుడు ఇగ మన పని ఖతం అన్నరు, మామూలు జనం చేతికి వచ్చేసరికి డిసెంబర్ అయింది, ఆ లోపట జూన్‌లనే చైనా కువైషో వాళ్ల క్లింగ్ వచ్చింది, లూమా వచ్చింది, రన్‌వే జెన్-3 వచ్చింది. నేను చూసుకునేది ఏంటిదంటే మనిషి కదలికకు క్లింగ్ మంచిగుంటది, నడక, కొంగు తిప్పుడు, నీళ్లల్ల చెయ్యి పెట్టుడు ఇసొంటియి, పైగా మొదటి ఫ్రేమ్ చివరి ఫ్రేమ్ (క్లిప్ మొదలయ్యే ఫోటో, ఆగే ఫోటో) రెండు మనమే ఇయ్యొచ్చు. ఒకే మనిషి నాలుగు షాట్లల్ల కనబడాల్నంటే రన్‌వే జెన్-4, 2025 మార్చిల వచ్చింది, రిఫరెన్స్ ఫోటోలు ఇస్తే ముఖం దగ్గర దగ్గర పట్టుకుంటది. ఇగ వీయో 3 అదే సంవత్సరం మేల వచ్చింది, బొమ్మతోని పాటే సౌండ్ కూడ పుట్టిస్తది, వాన చప్పుడు, కప్పలు, జనం గోల, కానీ ఒక్క క్లిప్ 8 సెకన్లే. నీది పాట కాబట్టి సౌండ్ నీకు అక్కర్లేదు, గా ఒక్క సౌండ్ చూసి మోజు పడకు.

8 సెకన్లు అంటే తక్కువ అనిపిస్తది గానీ జానపద పాటల కట్ ఎంతసేపు ఉంటది చెప్పు, రెండు మూడు సెకన్లు, పల్లవిల ఇంకా తక్కువ. అది లొల్లి కాదు.

నర్సంపేట_అక్క:
టూల్ ముచ్చట తర్వాత, ముందుగాల బతుకమ్మ ముచ్చట వినుండ్రి. నేను రీల్స్ చేస్త, ఏది వాడినా ఇదే తంతు: "తెలంగాణ విమెన్ సెలెబ్రేటింగ్ బతుకమ్మ" అని రాస్తే ఆడోళ్ల చేతులల్ల కోలాటం కట్టెలు, ఒంటి మీద అద్దాల గాగ్రా, నడుమల ముగ్గు లెక్క పరిచిన బంతిపూలు. అంటే గుజరాతోళ్ల దాండియా అన్నట్టు. బతుకమ్మ అంటే వరుస మీద వరుస పేర్చుకుంట పైకి లేపేది అని దానికి ఎరుకనే లేదు. తాంబాళం పెట్టి అడుగుకు ఆకులు, తంగేడు పూల వరుస, రంగు అద్దిన గునుగు వరుస, మధ్యల కట్ల పూలు, చివరకు గుమ్మడి పువ్వుల పసుపు గౌరమ్మ. ఇంగ్లీష్‌ల ఎంత ఇవరంగ రాసినా గునుగు పువ్వు దానికి అర్థం కాలే, ఏదో పక్షి ఈక లెక్క చేసింది. ఆడుడు కూడ అంతే, మనం చప్పట్లు కొట్టుకుంట, వంగుకుంట లేచుకుంట ఒక్క దిక్కే తిరుగుతం, అది ఏమో ఒక్కొక్కరిని ఒక్కో దిక్కు ఎగిరిచ్చింది, వెనుకున్నోళ్లల్ల ఒకామెకు మూడు చేతులు.

అందుకని ఇప్పుడు నేను రాతతోని వీడియో చేసుడే బంద్ పెట్టిన. మంచి ఫోటో ఇచ్చి దాన్ని కదిలిస్త. పూలు నావే, చీరలు నావే, అది కదలిక ఒక్కటే పెడ్తది.

ఓరుగల్లు_కట్స్:
అక్కా ఫోటో పెట్టినంక కూడ కట్టెలు వస్తే? "కట్టెలు వద్దు" అని రాయాల్నా?

కాజీపేట_ఎడిటర్:
టూల్‌ను బట్టి. క్లింగ్‌ల వద్దనేటియి రాసుకునే డబ్బా వేరే ఇచ్చిండ్రు. రన్‌వే వాళ్ల గైడ్‌ల అయితే వద్దు అన్న మాటే వాడకుండ్రి అని రాసి ఉన్నది, ఏం కావాల్నో అదే రాయాలె. "కట్టెలు లేవు" అంటే అండ్ల కట్టెలు అన్న మాట ఉన్నది కద, పోయి కట్టెలు పెట్టుకొస్తది. "ఉత్త చేతులతోని చప్పట్లు కొడుతున్నరు, అందరు కుడి దిక్కు మెల్లగ అడుగేస్తున్నరు, కెమెరా కదలదు" అంతే రాయి. ఫోటోల ఏమున్నదో మల్ల వర్ణించకు, కదలిక ఒక్కటి చెప్పు. అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్, మొదటి ఫ్రేమ్ మంచిగుంటే ఏ టూల్ అయినా సగం పని చేస్తది, అది చెడ్డదైతే ఎంత ఖరీదుదైనా బేకార్.

జమ్మికుంట_జీపీయూ:
అందరు నెల నెల పైసలు కట్టే ముచ్చటే చెప్తున్నరు, ఫ్రీది ఎవ్వరు చెప్తలేరు. అలీబాబా వాళ్ల వాన్ 2.1 అని 2025 ఫిబ్రవరిల ఓపెన్‌గ ఇడిసిండ్రు, అపాచీ 2.0 లైసెన్స్, క్లయింట్ పనికి కూడ వాడుకోవచ్చు. చిన్న మోడల్ 1.3 బిలియన్ పారామీటర్లది, 8 జీబీ పైన జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ చాలు, పెద్దది 14 బిలియన్‌ది, అది మన ఇంట్ల నడుపుడు కష్టం అనుకో. కంఫీయూఐ అని ఇసొంటి మోడళ్లను సొంత కంప్యూటర్ల నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటది, అండ్ల పెట్టి రాత్రి పడుకునేటప్పుడు వరుసల పెడ్త, పొద్దుగాల లేచి ఏరుకుంట. చిన్న మోడల్‌కు ఎన్విడియా 4090 అనే పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద 480పీ (తక్కువ క్లారిటీ), 5 సెకన్ల క్లిప్‌కు నాలుగు నిమిషాలని వాళ్లే రాసిండ్రు, అంటే మన మామూలు కార్డుల మీద ఎంతసేపో మీరే లెక్కేసుకోండ్రి. ఇంకోటి, అది ఇచ్చేది సెకనుకు 16 ఫ్రేములు, అట్లనే టైమ్‌లైన్‌ల వేస్తే జర్క్ కొడ్తది, రైఫ్ అనే టూల్‌తోని నడుమ ఫ్రేములు పుట్టించుకోవాలె.

కరెంటు బిల్లు, ఎండకాలం రూంల వేడి, అవి లెక్కలకు రావు 😂

కాజీపేట_ఎడిటర్:
480పీని పెంచి పాటల పెడ్తవా భయ్? ఫోన్‌ల నడుస్తదేమో, టీవీల చూస్తే ముఖాలు మైనం కరిగినట్టు ఉంటయి.

జమ్మికుంట_జీపీయూ:
మీ జానపద పాటలు ఫోన్‌ల కాక ఇంకేడ చూస్తున్నరన్నా.

పెండ్లి_మిక్సింగ్_కేఎన్ఆర్:
మాది కరీంనగర్, పెండ్లిళ్లు. మేం ఏఐ ఎక్కువ వాడేది ఎల్ఈడీ వాల్ బ్యాక్‌గ్రౌండ్లకు. మొదటి ఫ్రేమ్ చివరి ఫ్రేమ్ ఒకటే ఫోటో ఇస్తే అతుకు కనబడకుండ తిరుగుతనే ఉంటది, లూమాల అయితే లూప్ అని ఆప్షనే ఉన్నది. తామర పూలు, దీపాలు, కోనేరు, గంట సేపు నడిచినా ఎవ్వరు పట్టుకోరు. గీ పనికి మాత్రం దండం పెట్టాలె.

మీకు పనికొచ్చేది ఒకటి చెప్త, ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు అని. ఈ టూల్స్ చాన మటుకు 24 ఇస్తయి, మన కెమెరాలు ఇక్కడ 25ల పెడ్తం. 24ది తెచ్చి 25 టైమ్‌లైన్‌ల ఊకెనే పడేస్తే సెకనుకు ఒక ఫ్రేమ్ రెండుసార్లు వస్తది, డ్రోన్ షాట్‌ల అది బాగ తెలుస్తది, చిన్నగ తట్టినట్టు. క్లిప్‌ను 25గ ఇంటర్‌ప్రెట్ చేయుండ్రి, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది 25దే అని చెప్పుడు, నాలుగు శాతం స్పీడ్ అయితది, చెరువుకు ఆడోళ్లకు ఏం తేడా రాదు. పెదాలు కదిలే షాట్ అయితే మాత్రం ముందు స్పీడ్ సెట్ చేసి తర్వాత పాటకు పెదాలు కలుపుండ్రి, తిప్పి చేస్తే తప్పుతది.

ఇంకో ముచ్చట. చనిపోయినోళ్ల ఫోటోను కదిలిచ్చి స్టేజి మీద ఆశీర్వాదం ఇప్పిచ్చుడు ఇప్పుడు ఫ్యాషన్ అయింది. మాకూ ఒక ఆర్డర్ వచ్చింది, పాత పాస్‌పోర్ట్ ఫోటో, మంచిగనే వచ్చింది అనుకున్నం, నవ్విండు, చెయ్యి లేపిండు. పెండ్లి పిల్ల చూసి "మా నాయిన గిట్ల నవ్వడు" అన్నది. పండ్లు కనబడేటట్టు నవ్విచ్చింది అది, ఆయన జన్మల పెదవి ఇడిసి నవ్వలేదట. తీసేసినం. అప్పటినుంచి నేనైతే ఒక్క ఫోటోతోని ఒప్పుకుంటలేను, ఆ మనిషి నవ్విన పాత వీడియో తునక ఉంటేనే చూద్దాం అంటున్న.

ఓరుగల్లు_కట్స్:
ఇది మస్తు కష్టమన్నా. మా దాంట్ల అసొంటిది లేదు గుర్తుంచుకుంట. 25 ముచ్చట మాకు తెల్వది, అందుకే మా పాత టెస్టుల డ్రోన్ తట్టుతున్నది.

చేర్యాల_రంగులు:
రియల్‌గనే ఎందుకు తీయాలె? తోరణం, పాత కాలం అంటున్నవు కద, గా ముక్కలు చేర్యాల నకాశీ బొమ్మల స్టైల్ల చేయ్. ఎర్ర నేల, పసుపు పచ్చ ఒళ్లు, పక్కకు తిరిగిన ముఖంల కూడ పెద్ద కన్ను. నేను చేసి చూసిన, ఒక కష్టం ఏందంటే వీటికి చదునుగ ఉండేది చూస్తే ఓర్వదు, రెండు సెకన్లకు నీడలు పెట్టి ముక్కు లేపి కార్టూన్ సినిమా చేస్తది. "కాగితం కత్తిరించిన బొమ్మ, నీడలు లేని చదును రంగు, కెమెరా స్థిరం" అని రాస్తే కొంచెం ఆగుతది. నిజం చెప్పాల్నంటే దీనికి ఏఐ వీడియోనే అక్కర్లేదు, చెయ్యి తల నడుము వేరే వేరే లేయర్లు కోసి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ల పప్పెట్ పిన్ (బొమ్మను కీలుబొమ్మ లెక్క కదిలిచ్చే టూల్) పెట్టు, పటం కథ చెప్పినట్టే ఉంటది. బొమ్మ మాత్రం నెట్‌ల నుంచి ఎత్తకు. జీఐ (ఆ ఊరి కళ అని సర్కారు గుర్తింపు) ఉన్న కళ అది, గీసే కుటుంబాలు ఇప్పుడు కొన్నే మిగిలినయి, పైసలిచ్చి గీయించుకో.

ములుగు_మేడారం_రోడ్:
ఇది ఎవరో ఒకరు అడుగుతరు, ముందే చెప్తున్న. మేడారం పాటలకు ఏఐతోని అమ్మవార్లను చేస్తున్నరు, ఎనిమిది చేతులు, పులి, కిరీటం. గద్దెల మీద విగ్రహమే ఉండదు కద భయ్. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంల వస్తది, కన్నెపల్లి నుంచి సారలమ్మ. గుట్ట కాడి జనం, వెదురు కర్రలు, బంగారం అని మోసుకొచ్చే బెల్లం ముద్దలు, ఇదంత రెండేండ్లకోసారి కండ్ల ముందర జరుగుతది, కెమెరా పట్టుకొని పోతే సరిపాయె. కోయోళ్ల జాతర అది, వాళ్లు ఎట్ల చూపిస్తరో అట్లనే చూపియ్యాలె. చెరువు మీద డ్రోన్ ఏఐల చేసుకో, దేవతను చేయకు.

నర్సంపేట_అక్క:
+1. రామప్ప కూడ అంతే, రాస్తే ఏదో తమిళనాడు గోపురం లేపుతది. ఫోటో ఇచ్చి కెమెరా కొద్దిగ ముందుకు అంటే మాత్రం మంచిగొస్తది. తిప్పుమంటే వెనుక దిక్కు అది చూడలే కాబట్టి సొంతంగ కట్టేస్తది.

మాటలు_రాసేటోడు:
నేను షార్ట్ ఫిల్మ్స్‌కు డైలాగ్స్ రాస్త. సౌండ్ వచ్చే టూల్స్‌ల తెలుగు మాట్లాడిస్తే వస్తది గానీ ఎవరన్న వార్తలు చదివినట్టు ఉంటది. "ఏం జేస్తున్నవే బిడ్డా" అని రాసిస్తే సాగదీసి ఏదో పరాయి ఊరు యాసల అన్నది. అవ్వ పాత్రకు మా అవ్వ గొంతే ఫోన్‌ల రికార్డ్ చేసి లిప్‌సింక్ పెట్టినం, అది కుదిరింది. గొంతు ఊరిది ఉంటే బొమ్మ కొంచెం అటిటు ఉన్నా జనం పట్టించుకోరు.

కాజీపేట_ఎడిటర్:
పైసల లెక్క కూడ చెప్త. రన్‌వే స్టాండర్డ్ ప్లాన్‌ల నెలకు 625 క్రెడిట్లు (వీడియో తీసినకొద్ది తగ్గే పాయింట్లు), జెన్-4కు సెకనుకు 12 పోతయి, అంటే మొత్తం 52 సెకన్లు. జెన్-4 టర్బో (దాని చవుక మోడల్) అయితే సెకనుకు 5, రెండు నిమిషాల పైన వస్తది. అండ్ల పనికొచ్చేది నాలుగో వంతు అనుకో. అందుకని టర్బోల కదలిక చూసుకొని, కుదిరిన షాట్‌ను మాత్రమే పెద్ద మోడల్‌ల మల్ల తీయాలె. వీయోకు అయితే ముందు నీ ఫోన్ సిమ్ చూసుకో, 2025 అక్టోబర్‌ల జియో వాళ్లు జెమినై ప్రో (గూగుల్ వాళ్ల ఏఐ ప్లాన్, వీయో అండ్లనే వస్తది) 18 నెలలు ఫ్రీ అన్నరు, మొదలు 18 నుంచి 25 ఏండ్లోళ్లకు, మీ యూనిట్‌ల కాలేజీ పోరగాండ్లు ఉంటరు కద వాళ్లను అడుగు. ఏ సైటైనా ఏడాది ప్లాన్ తీసుకోకు, మూడు నెలలల్ల ఇంకోటి దీన్ని దాటిపోతది. ఒక సైటు క్యాన్సిల్ చేసినంక కూడ నా కార్డు గుంజింది, పైసలు ఇప్పటికీ తిరిగి రాలే.

ఇంకోటి మర్చిపోయిన, 8 సెకన్ల చివరి ఫ్రేమ్ తీసి మల్ల దాంతోని ఇంకో 8 అని పొడుగు చేయకు. మూడోసారికి రంగులు మండుతయి, ముఖం వేరే మనిషిది అయితది. వైడ్ ఒకటి, మిడ్ ఒకటి, చేతుల క్లోజప్ ఒకటి వేరే వేరే ఫోటోలతోని తీయి.

ఓరుగల్లు_కట్స్:
సరే, అయితే మా ప్లాన్ ఇట్ల. ఆడోళ్ల గుంపును ఊర్లెనే ఒక పదిహేను మందితోని తీస్తం, వెనుక జనాన్ని మాత్రం ఏఐల పెంచుతం. డ్రోన్ చెరువుకు మా సొంత ఫోటో పెట్టి క్లింగ్. తోరణం నకాశీ పటం, చేర్యాలల గీసే వాళ్లను కలుస్తం. ఒక్కటే భయం, యూట్యూబ్‌ల ఏఐ అని టిక్ పెడితే వ్యూస్ పడిపోతయి అంటున్నరు?

పెండ్లి_మిక్సింగ్_కేఎన్ఆర్:
2024 మార్చి నుంచి అడుగుతున్నరు అది, నిజం లెక్క కనబడేదైతే చెప్పాలె. నీ చెరువు, నీ జనం నిజం లెక్కనే ఉంటరు కాబట్టి పెట్టాలె, నకాశీ బొమ్మకు అక్కర్లేదు. టిక్ పెట్టినందుకు జనానికి చూపెట్టుడు తగ్గదు, పైసలు ఆగవు అని వాళ్ల హెల్ప్ పేజీలనే ఉన్నది. వీయోతోని చేస్తే ఇది ఏఐది అని చెప్పే కనబడని సింథ్ఐడీ గుర్తు లోపట ఎట్లైనా ఉంటది, దాచి చేసేదేముంది.

నర్సంపేట_అక్క:
ఓరుగల్లు తమ్మీ, గునుగు పూలు ఇప్పుడు దొరకయి కద ఫోటోకు. నిరుడు సద్దుల నాడు మా అమ్మ పేర్చిన దాని ఫోటోలు ఉన్నయి, పెద్ద సైజువి, పక్క నుంచి పై నుంచి రెండు. పంపుత గానీ పాట కింద మా ఊరు పేరు వేయాలె.

ఓరుగల్లు_కట్స్:
అక్కా వేస్తం, మీ అమ్మ పేరు కూడ వేస్తం. ఒరిజినల్ ఫైల్సే పంపు, వాట్సాప్‌ల ఫోటో లెక్క పంపితే పిండి పిండి చేస్తది, డాక్యుమెంట్ అని పెట్టి పంపు.