పాత కాంగో జత చూడబోతున్నాం, ఏమేం పట్టి చూడాల?

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు)

అన్నలందరికీ నమస్తే. చర్చి క్వయర్‌కు, పండగలప్పుడు చిన్న ఆర్కెస్ట్రాకు కాంగోలు, అంటే చేతులతో వాయించే పొడుగాటి డ్రమ్ములు, తీసుకోవాల. స్టాండుతో కలిపి 45 వేలు దాటకూడదు. రెండు దారులు కనిపిస్తున్నాయి. కర్నూలులో ఒకాయన పాత చెక్క జత అమ్ముతున్నాడు, నోటి వెడల్పు 11¾, 12½ అంగుళాలు, తోలువే. లేదంటే బెంగళూరులో కొత్త జత, 10, 11 అంగుళాలు. వాయించే పిల్లోడికి తబలా, డోలక్ వచ్చు, కాంగో కొత్త.

ఏ రెండు సైజులు మేలు? చెక్కా, ఫైబరా? పైన వాయించే హెడ్ తోలుదా, ప్లాస్టిక్‌దా? పాతవి చూసేటప్పుడు యాడ మోసపోతాం?

బురుజు_కర్నూలు

ముందు పేర్లు చూసుకుందాం, లేకుంటే అంగడాయన ఏది చూపిస్తే అదే కాంగో అనుకోవాల్సి వస్తుంది. క్యూబాలో ఈ వాయిద్యాన్ని తుంబదోరా అంటారు. జతల్లో సన్నది క్వింటో, సుమారు 11 అంగుళాలు. నడిమిదానికే కాంగా అని పేరు, 11¾. పెద్దది తుంబా, 12½. ఎత్తు మామూలుగా 28 లేదా 30 అంగుళాలు. మీ కర్నూలు జత కాంగా, తుంబా అన్నమాట. కొత్తగా నేర్చుకునేవాడికి నా ఓటు దానికే. 10 అంగుళాల దాని మీద అరచెయ్యి ఆనడానికి చోటు చాలదు, బేస్ కూడా పలచగా వస్తుంది.

తోలు చూసి మురిసిపోవద్దు, తోలు చూసి వదిలేయనూ వద్దు. తోలు మార్చుకోవచ్చు, షెల్, అంటే డ్రమ్ము ఒళ్లు, మార్చలేం. కాబట్టి చూడాల్సింది చెక్కను.

కాంగో ఒకే దుంగను తొలిచి చేసింది కాదు, పీపా మాదిరి చెక్క పట్టీలు అతికించి చేస్తారు. మన ఎండలకు విడిచేది ఆ అతుకులే. గదిలో లైట్లు ఆర్పేసి, సెల్ టార్చి కింది రంధ్రంలోంచి లోపలికి పట్టి, బయట చుట్టూ తిరిగి చూడండి. సన్నని వెలుగు గీత కనిపించిందా, అతుకు విడిచినట్టే. గీత పొట్ట దగ్గరో కిందో ఉంటే చెక్క జిగురు పట్టించి బెల్టుతో బిగిస్తే సరిపోతుంది. శ్రుతి నట్ల కడ్డీలను (లగ్గులను) షెల్‌కు పట్టి ఉంచే లగ్ ప్లేటు బోల్టుల వరుసలో ఉంటే మాత్రం వద్దు. శ్రుతి బిగించినప్పుడల్లా లాగుడంతా అక్కడే పడుతుంది, ఎంత అతికినా మళ్లీ విడుస్తుంది. నడుముకు ఇనుప పట్టీ ఉంటే బొటనవేలితో తోయండి. కదిలితే చెక్క ఆరి కుంచించుకుపోయిందని అర్థం.

తర్వాత టేపు తీయండి. ప్రతి లగ్ దగ్గరా రిమ్ (తోలును కిందికి లాగి పట్టే ఇనుప చుట్టు) నుంచి లగ్ ప్లేటు వరకు దూరం కొలవాల. అన్నిచోట్లా ఒకటే ఉండాల. 3 మిల్లీమీటర్ల పైన తేడా వస్తే రిమ్ వంగిందో, తోలు వంకరగా వేశారో, షెల్ గుండ్రం తప్పిందో తేల్చుకోవాల. గుండ్రం తప్పిందేమో కింది రంధ్రంలోంచి తెలియదు, పైమూత దగ్గరే తెలుస్తుంది. అందుకని ఒక హెడ్ అయినా విప్పి చూపించమనండి. విప్పనంటే ధర అక్కడే ఆపేయండి. విప్పాక నోటి వెడల్పును అటొకసారి ఇటొకసారి కొలవండి, అంచు మీద చెయ్యి తిప్పండి. తోలు ఆనే ఆ అంచు నున్నగా, గుండ్రంగా ఉండాల. పెచ్చు లేచినా, గాడి పడినా అక్కడ శ్రుతి నిలవదు, జిర్రుమంటుంది.

ఇంకొకటి. శ్రుతికి బిగించి ఉన్నప్పుడు రిమ్ తోలు మట్టానికి రెండు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ కిందికి ఉండాల. బాగా కిందికి దిగి ప్లేట్లకు తగలబోతుంటే ఆ తోలు సాగి సాగి అయిపోయినట్టు, దాని ఖర్చు ధరలో తగ్గించుకోండి. రిమ్ తోలుతో సమంగా ఉంటే చేతి కణుపులు ఇనుముకే తగుల్తాయి.

తాళం_అనంత

బురుజన్న చెప్పిన చెకింగ్ అంతా సరే. సైజు దగ్గర నేను ఒప్పుకోను. ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు, కిక్ డ్రమ్ము, ప్యాడ్లు ఉంటాయి. బయట మైదానంలో పెద్ద స్పీకర్లు పెట్టాక తుంబా ఎవరికీ వినపడదు, బేస్ గిటారు కింద కలిసిపోతుంది. అక్కడ క్వింటో, కాంగా జత స్లాప్ (చేత్తో చరిచే పదును దెబ్బ) చీల్చుకుని వస్తుంది. లోపల, మైకు లేకుండా, క్వయర్ పక్కన అయితే తుంబా మేలు. మీకు చర్చి ఎక్కువా, ఆర్కెస్ట్రా ఎక్కువా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి.

ఇక మన ఊళ్ల గాలి సంగతి. తోలు తేమ పీల్చుకుంటే సాగి శ్రుతి దిగుతుంది, ఆరితే బిగిసి పైకి పోతుంది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లే, కాబట్టి ఎక్కువ నెలలు మన వైపు బిగిసే బాధే. కొందరు అసలు మర్చిపోయేది కూలర్ సంగతి. ప్రాక్టీసు గదిలో నీళ్ల కూలర్ ఎదురుగా పెట్టుకుని శ్రుతి చేస్తారు, తోలు తడిగాలికి మెత్తబడి ఉంటుంది, ఆ లోటు నట్లతో బిగించి పూడుస్తారు. అదే డ్రమ్మును సాయంత్రం హాలోజన్ లైట్ల కింద పెట్టేసరికి అరగంటలో కణకణమంటుంది. అట్లే వదిలేస్తే అతుకులు విడుస్తాయి, తోలు రిమ్ దగ్గర చిట్లుతుంది.

ఈ బాధ వద్దంటే ప్లాస్టిక్ హెడ్ వేసుకోవచ్చు. రెమో, ఎవాన్స్ వాళ్లవి వస్తాయి. శ్రుతి కదలదు, స్లాప్ పదునుగా ఉంటుంది. తోలు ఇచ్చే గుండ్రని ఓపెన్ టోన్ (కొట్టి చెయ్యి తీసేస్తే మోగే నాదం) మాత్రం అంతగా రాదు. స్టేజీకి ప్లాస్టిక్, రికార్డింగుకు తోలు అన్నది నా లెక్క. కొనేముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, 11¾ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీల డ్రమ్ములకూ పట్టదు. హెడ్ అడ్డకొలతతో పాటు లోతు, అంటే హెడ్ అంచున ఉండే రింగు నుంచి పైమట్టం వరకు ఎత్తు, కంపెనీని బట్టి మారుతుంది. లోతు తక్కువైతే రిమ్ పైనే ఆగిపోతుంది, ఎక్కువైతే బిగించడానికి నట్టులో మరలు మిగలవు. పేరు లేని జతలకు ఈ కష్టం మరీ ఎక్కువ. వాటికి తోలు వేయించుకోవడమే దారి.

తోలు వేయిస్తే ఎనుము తోలే, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం. డప్పుకు వేసే మేకతోలు పలచన, దీనికి పనికిరాదు. ఒక రాత్రంతా చల్లనీళ్లలో నానబెట్టి, రింగుకు మడిచి, తడిమీదే అన్నివైపులా సమంగా, కొద్దికొద్దిగా లాగాల. నీడలో మూడు నాలుగు రోజులు ఆరాలి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి, లోపల తడి మిగిలి, వంకరపోతుంది. పూర్తిగా ఆరకముందే శ్రుతికి బిగిస్తే రిమ్ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది, ఇక ఆ తోలు ఎక్కువ కాలం ఉండదు.

ఫైబర్ షెల్ అంటారా, మన వాతావరణానికి నిక్షేపంగా పనికొస్తుంది, తేమ తాగదు, గట్టిగా పలుకుతుంది. కాస్త కటువుగా ఉంటుంది. పాత ఫైబర్‌లో బోల్టుల చుట్టూ సాలెగూడు మాదిరి సన్న గీతలు చూడండి. అన్నట్టు, పెద్ద పేర్ల చెక్కవాటి మీద 'సయామ్ ఓక్' అని ఉంటుంది. అది ఓక్ కాదు, రబ్బరు చెట్టు కలప. చెడ్డదని కాదు, గట్టిదే. ఓక్ పేరు చెప్పి ధర పెంచితే నవ్వి ఊరుకోండి.

మైకు_మామ

స్టాండును ఎవరూ ముట్టుకోలేదు. కాంగోను నేలమీద నిటారుగా నిలబెట్టి వాయిస్తే కింది రంధ్రం మూసుకుపోయి బేస్ అంతా లోపలే చచ్చిపోతుంది. కూర్చుని వాయిస్తే కొంచెం వాల్చి మోకాళ్ల మధ్య పట్టుకోవాల. నిలబడి వాయిస్తే స్టాండు తప్పనిసరి. ఒక్కోటి పదికిలోల దాకా బరువు, కాబట్టి సన్న గొట్టాల స్టాండు కొనొద్దు. మైకు ఒకటే ఉంటే, ఎస్‌ఎమ్ 57 లాంటిది, రెండింటి మధ్యలో బెత్తెడు ఎత్తున పెట్టండి. తబలా వాయించే పిల్లోడు అంటున్నారు కదా, ఉంగరాలు తీసేయమనండి. వేళ్లతో మీటొద్దు, చెయ్యి బరువు దించాలని చెప్పండి.

పెన్నా_గట్టు

వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం. నిన్న పోయి చూశాం. కాంగాలో వెలుగు గీతలు లేవు, రిమ్ దూరం అన్ని లగ్గుల దగ్గరా ఒకటే. తుంబాలో కిందివైపు ఒక గీత, సుమారు నాలుగు అంగుళాలు, లగ్గులకు దూరంగానే ఉంది. నడుము ఇనుప పట్టీ కొంచెం కదులుతుంది. తుంబా వాయిస్తే జిర్రుమని ఒక శబ్దం. తీసుకోవచ్చా?

బురుజు_కర్నూలు

తీసుకోవచ్చు. అతుకు రిపేరు ఖర్చు తగ్గించమని అడగండి. జిర్రుమనేది ఆ అతుకే కానక్కర్లేదు. ఒకరు మెల్లగా తోలు మీద తడుతుండాల, ఇంకొకరు వేలితో ఒక్కొక్క చోటా నొక్కుతూ పోవాల. ముందు లోపలి బోల్టుల వాషర్లు, తర్వాత ప్లేట్లు, ఆ తర్వాత పట్టీ, చివరికి అడుగు రబ్బరు. ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే. ఎక్కువసార్లు వాషరే దొరుకుతుంది.

అతుకుకు జిగురు పెట్టేముందు నట్లన్నీ వదులు చేసి హెడ్ తీసేయండి, లేకపోతే తోలు లాగుతుండగానే జిగురు ఆరుతుంది. బెల్టుతో బిగించి ఒక రోజంతా వదలండి. తర్వాత పట్టీని కింద నుంచి పైకి, పొట్ట వైపు తట్టి గట్టిపరచండి.

తాళం_అనంత

శ్రుతి ఇట్ల చేసుకోండి. తుంబా షడ్జమం అనుకుంటే కాంగా శుద్ధ మధ్యమం. కీబోర్డు మీద తుంబాను జి, కాంగాను పైన ఉన్న సి. రేపెప్పుడైనా క్వింటో కొంటే ఇ, అంటే చతుశ్రుతి ధైవతం. ఒక్కో నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పి పక్క నట్టుకు పోవాల, చుట్టూ తిరిగి వచ్చాక మళ్లీ పావు. ఒకే నట్టును రెండు చుట్లు తిప్పితే రిమ్ ఆ వైపు వాలిపోతుంది. ప్రతి లగ్ పక్కన అంగుళం లోపలికి వేలితో తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం పలికేదాకా సరిచేయండి. నట్ల మరలకు కొంచెం గ్రీజు రాయాల, తోలుకు కొబ్బరినూనె పట్టించకూడదు. నూనె తాగిన తోలు మొద్దుబారుతుంది, తర్వాత ఏం చేసినా పలకదు.

వాయించడం అయిపోగానే ప్రతి నట్టునూ ఒకటి ఒకటిన్నర చుట్టు వదులు చేయండి, ఎన్ని చుట్లో చాక్‌పీసుతో షెల్ లోపల రాసుకోండి. మే నెలలో మధ్యాహ్నం ఎండలో ఆగిన కారులో మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ ఉంచొద్దు. కర్నూలు నుంచి తెచ్చేటప్పుడు కూడా ఇప్పుడే వదులు చేయించి, నిటారుగా పెట్టి తీసుకురండి. పానాను తాడుతో స్టాండుకే కట్టేయండి. చర్చిలో మొదట కనపడకుండా పోయేది అదే.