పచ్చికలో పాకుతున్నది గడ్డిచామంతా, గుంటగలగరా?

ప్రశ్న:
పచ్చికలో నేలను అంటిపెట్టుకుని పాకే ఒక మొక్క ఏడాది పొడవునా పూస్తోంది. కాండమూ ఆకులూ నూగుతో గరుకుగా ఉన్నాయి; ఆకుల అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. జానెడు పొడవున్న సన్నని కాడ చివర ఒక్కటే పువ్వు, పసుపుపచ్చని నడిభాగం చుట్టూ పాలిపోయిన తెలుపు రేకులతో కనిపిస్తుంది. దీనిని కొందరు గుంటగలగర అంటున్నారు, కొందరు గడ్డిచామంతి అంటున్నారు. రెండింటినీ వేరుచేసే గుర్తులు ఏమిటి? గడ్డిని ఎంత కురచగా కత్తిరించినా ఇది పోవడం లేదు కనుక, ఉంచవచ్చా, తీసివేయాలా అన్నది కూడా తెలుపగలరు.

మొదటి సమాధానం:
మీరు వర్ణించినది గడ్డిచామంతే. శాస్త్రీయనామం ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో పెట్టిన పేరు అది. రెండూ ఆస్టరేసి (చామంతి) కుటుంబానివే కాబట్టి పోలిక సహజమే గాని, కాడను చూస్తేనే సగం సందేహం తీరిపోతుంది. గుంటగలగర పువ్వు ఆకుల పంచన చిన్న కాడపై ఉంటుంది, దాని తెల్లరేకులు దారపు పోగుల్లా సన్నగా, లెక్కకు మించి ఉంటాయి. గడ్డిచామంతికి సాధారణంగా అయిదారు వెడల్పాటి రేకులే ఉంటాయి, ప్రతి రేకు కొసా మూడు పళ్లుగా చీలి ఉంటుంది.

ఒక పువ్వును గోటితో విప్పి భూతద్దంలో చూడండి. మనం రేకు అనుకునేది ఒక్కొక్కటీ ఒక ఆడపువ్వు, నడుమ పసుపు రంగులో కిక్కిరిసి ఉన్నవి ద్విలింగ పుష్పకాలు, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న చిట్టి పువ్వులు. ముదిరాక ఒక్కో నల్లని గింజకూ ఈకల్లాంటి కేశగుచ్ఛం విచ్చుకుని, ఆ తల అంతా బూడిదరంగు బంతిలా మారుతుంది. గుంటగలగర గింజలకు ఈ కుచ్చు ఉండదు. అంతకన్నా తేలిక పరీక్ష కావాలంటే ఆకు నలపండి: గుంటగలగర రసం కాసేపటికి నల్లబడుతుంది.

రెండవ సమాధానం:
కత్తిరించడం వల్ల ఇది పోదు. కత్తి తెగగొట్టేది పూకాడను మాత్రమే, కాండం దాని కిందనే పాకుతూ కణుపు కణుపునా వేళ్లు దింపుకుంటుంది. అసలే గాలికి ఎగిరే గింజలు కనుక, తల బూడిదరంగుకు తిరగక ముందే, నేల తడిగా ఉన్నప్పుడు తల్లివేరుతో సహా పెకలించాలి. బోసిపోయిన నేల, నిండు ఎండ దీనికి ఇష్టం. గడ్డి దట్టంగా అల్లుకున్న చోట మొలకలు నిలదొక్కుకోవడం కష్టం.

ఇది మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి ఉష్ణమండలమంతా వ్యాపించిన మొక్క. అమెరికా సంయుక్త రాష్ట్రాల సమాఖ్య హానికర కలుపుమొక్కల జాబితాలోనూ ఉంది. అయినా పంట లేని చోట దీనిపై కత్తి కట్టనక్కరలేదని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా పూలు కరువైన నెలల్లో కూడా చిన్న సీతాకోకచిలుకలకూ తేనెటీగలకూ ఇందులో మకరందం దొరుకుతుంది.

మూడవ సమాధానం:
దీనినే గాయపాకు అనీ అంటారు. ఎలుకలపై జరిపిన ప్రయోగాల్లో దీని రసం గాయం మానడానికి తోడ్పడిన దాఖలాలున్నాయి, కాని నేలను రాసుకుంటూ పెరిగే ఆకును కడిగీ కడగక నలిపి తెగిన చోట అద్దితే, మట్టిలోని ధనుర్వాత క్రిములను కూడా లోపలికి పంపినట్లే అవుతుంది. వయ్యారిభామ పడనివారికి ఈ కుటుంబంలోని ఇతర మొక్కలు తగిలినా దురద రావచ్చు, వారు చేతికి తొడుగు వేసుకుని పెకలించడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. రేకు కొసన మూడు పళ్లు స్పష్టంగా కనిపించాయి, కనుక గడ్డిచామంతే. గట్టు పక్కన నిగనిగలాడే ఆకులతో, నిండు పసుపు పూలతో పాకుతున్న మరొక మొక్క ఉంది. అదీ ఇదే జాతా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
కాదు. ఆకు మూడు తమ్మెలుగా ఉంటే అది స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా, చాలామంది వెడీలియా అని పిలిచే మొక్క. నేలను కప్పే అలంకార మొక్కగా నాటుతారు గాని, ప్రపంచంలోని 100 అతి హానికర దురాక్రమణ జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దానిని చేర్చింది. గడ్డిచామంతిపై నేను చూపిన దయ దీనిపై చూపను. దాని కాండపు ముక్క ఒక్కటి తడి మట్టిలో మిగిలినా వేరూనుతుంది, కాబట్టి తవ్వి తీసినదానిని ఎరువు కుప్పలో వేయకుండా, నేల తగలని చోట పరచి పూర్తిగా ఎండనివ్వండి.